కాకతీయ అంటే అసలు అర్థం ఏంది? కాకికి దీనికి ఏమన్న సంబంధం ఉన్నదా?

మట్టెవాడ_మనవడు
మొన్న ఆదివారం చుట్టాల పిల్లలను తోలుకొని ఖిలా వరంగల్ పోయినం. తోరణాల కాడ ఫోటోలు దిగుతుంటె మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, "మామా, కాకతీయ అంటే ఏంది" అని అడిగిండు. నేను నోరు తెరిచేలోపే పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి అందుకొని, వీళ్ల మూలపురుషుడిని పసిపిల్లగాడిగా ఉన్నప్పుడు కాకులు కాపాడినయి, అందుకే ఆ పేరు అని కథ మొదలుపెట్టిండు. ఇంకొకాయన వచ్చి కాదు కాదు అది దుర్గమ్మ పేరు అన్నడు. ఇద్దరు అక్కడే లడాయికి దిగిండ్రు.
నాకు సిగ్గనిపించింది ఎందుకంటే, నేను చదివింది కాకతీయ యూనివర్సిటీ, మా పొలం పారేది కాకతీయ కాలువ నీళ్లతోని, చెరువు పూడిక తీసింది మిషన్ కాకతీయల. ఇన్నేండ్లల ఒక్కసారి గూడ అర్థం ఏందని అడగలే. తెలిసినోళ్లు చెప్పుండ్రి. పిలగానికి శుక్రవారంలోపల జవాబియ్యాలె.

కందిరీగ
ప్రశ్న మామది, హోంవర్కు మనది.

పద్మాక్షి_గుట్ట
ఇండ్ల లడాయి పెట్టుకునేది ఏం లేదు. కాకతి అనే దేవతను కొలిచేటోళ్లు కాబట్టి కాకతీయులు. విద్యానాథుడు ప్రతాపరుద్రుడి ఆస్థానంల రాసిన ప్రతాపరుద్రీయానికి మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి వ్యాఖ్య రాసిండు. అండ్ల సాఫ్‌గ ఉన్నది: కాకతి అంటే దుర్గాశక్తి, ఏకశిలానగరం, అంటే ఓరుగల్లు, ఏలినోళ్ల కులదేవత, ఆమె మీద భక్తి ఉన్నోడు కాకతీయుడు. బడి పుస్తకంల గూడ ఇదే.

ఛప్రత్యయం
వ్యాకరణం కూడా దానికి చక్కగా సరిపోతుంది. పాణిని "భక్తిః" అని ఒక సూత్రం చేశాడు (4.3.95). ఎవరిమీద భక్తి ఉందో ఆ పేరుకు ప్రత్యయం చేర్చి మనిషిని పిలవొచ్చు. ఏ ప్రత్యయం? మొదటి అచ్చు ఆ, ఐ, ఔ అయితే "వృద్ధాచ్ఛః" (4.2.114), అంటే ఛ ప్రత్యయం, అది ఈయగా మారుతుంది. పాణిని నుంచి పాణినీయం వచ్చినట్టే కాకతి నుంచి కాకతీయ. కాకి నుంచి రావాలంటే ఇంకో దారి వెతుక్కోవాలి. కనక కాకుల పెద్దాయనకు వ్యాకరణం సాయం చేయదు.

కందిరీగ
కాకులకు వ్యాకరణం దేనికండీ, కావ్ అనడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు.

శిలాక్షరం
పద్మాక్షి_గుట్ట గారూ, మీరు చెప్పిన వ్యాఖ్య ఎప్పటిదో చూడండి. ఓరుగల్లు 1323లో పడిపోయింది. కుమారస్వామి ఆ తర్వాతివాడు, 15వ శతాబ్దం మనిషి. రాజులూ లేరు, రాజ్యమూ లేదు. అప్పుడు ఒక పండితుడు కూర్చుని పేరుకు వ్యుత్పత్తి చెబుతున్నాడు. ఛప్రత్యయం గారు చెప్పిన సూత్రాలు ఆయనకు కొట్టినపిండి, అందుకే అంత నున్నగా కుదిరింది. వ్యాకరణం కుదిరిందంటే చరిత్ర కుదిరినట్టు కాదు కదా.

ఇప్పుడు అటు చివరికి వెళ్దాం. 956. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడి మాంగల్లు శాసనం. ఒక సేనాని కోరిక మీద రాజు ఒక బ్రాహ్మణుడికి దానం ఇస్తున్నాడు. ఆ సేనాని పేరు కాకర్త్య గుండ్యన. కాకతీయ కాదు, కాకతి కూడా కాదు, కాకర్త్య. నడుమ ఆ "ర" చూడండి. ఆయన పూర్వీకులు గుండియ, ఎరియ, బేతియ అని వరసగా ఉన్నారు. దేవత ఊసు లేదు, భక్తి ఊసు లేదు. మనిషి పేరుకు ముందు ఒక మాట, అంతే.

నాకు ఆ శాసనపాఠం మొదటిసారి చదివినప్పుడు తట్టింది ఒకటే: ఇది ఇంటిపేరు! మనం ఇవాళ్టికీ ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు రాసుకుంటాం. కాకర్త్య గుండ్యన అన్నది అచ్చం అలాగే ఉంది. రాజవంశం అన్న హోదా లేని రోజుల్లో, చాళుక్యుల దగ్గర కొలువు చేసుకుంటున్న ఒక సేనాని ఇంటిపేరు అది.

బెజవాడ_బాబాయ్
ఇంటిపేరంటే మన తెలుగువాళ్లకి చాలామందికి ఊరిపేరే. మా తాతలది ఏ ఊరో మేం చూసిన పాపాన పోలేదు, మూడు తరాలుగా కృష్ణలంకలోనే ఉన్నాం, అయినా ఇంటిపేరు మాత్రం ఆ ఊరే. మరి కాకర్త్య అనే ఊరు ఎక్కడుందండీ?

శిలాక్షరం
వస్తున్నా బాబాయ్ గారూ, అక్కడికే. గణపతిదేవుడి కాలం (1199–1262) శాసనాలు రెండున్నాయి. ఒకటి బయ్యారం చెరువు శాసనం, వేయించింది గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ. అందులో దుర్జయ వంశంలో వెన్నడు అనే రాజు పుట్టాడని, కాకతిలో ఉండి ఏలాడు కాబట్టి ఆయన సంతతికి కాకతీశులని పేరొచ్చిందని ఉంది. రెండోది 1260 నాటి గరవపాడు శాసనం. కరికాల చోళుడు వేటాడుతూ వచ్చి కాకతి అనే పురంలో విడిది చేశాడట. రెండింటిలోనూ కాకతి ఊరే, దేవత కాదు.

నాటవాడి_కోడలు
మైలాంబ శాసనం అనగానే ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆవిడ నాటవాడి సామంతుల ఇంటి కోడలు. అత్తవారింటి నుంచి చెరువు తవ్వించి, శాసనంలో మాత్రం పుట్టింటి వంశావళి మొత్తం ఏకరువు పెట్టింది. వెన్నడు, ముగ్గురు గుండలు, ఎర్ర, పిండిగుండడు, బేతడు... ఒక్కరినీ వదల్లేదు. ఆ ముగ్గురు గుండలను ముగ్గురు రాములతో పోల్చారు కూడాను, పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు అని. మా అమ్మమ్మ ఇంతే, మా తాతయ్య వైపు వాళ్ల పేర్లు అడిగితే "ఏమోనే" అనేది, తన పుట్టింటివాళ్లవైతే ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మనకు ఇవాళ ఆ మొదటి తరాల పేర్లు తెలుస్తున్నాయంటే చాలా మటుకు ఆవిడ చలవే.

మట్టెవాడ_మనవడు
ఇది మస్తుగున్నది అక్కా. కానీ నేను ఇంక ఆగమైతున్న. ఊరా, అమ్మవారా?

పద్మాక్షి_గుట్ట
శిలాక్షరం గారూ, మీరు వ్యాఖ్య లేటుదన్నరు. మంచిది. మరి గణపతిదేవుడి శాసనాలు మాత్రం తొందరగ వచ్చినయా? 956కు 1260కి నడుమ మూడు వందల ఏండ్లు. కరికాల చోళుడు వేటకొచ్చిండంటే మీరు నమ్ముతరా? రాజులకు పెద్ద పూర్వీకుడు కావాలె, దొరికిండు, రాసుకున్నరు. అదే గణపతిదేవుడి మోటుపల్లి శాసనంల సూర్యవంశం వరకు పోయిండ్రు. అందుకని ఊరి కథ గూడ పాత కథ అనుడు కష్టం.

శిలాక్షరం
కరికాలుడిని నేనూ నమ్మను. ఆంధ్రదేశంలో చోళుల పేరు చెప్పుకునే ప్రతి వంశమూ ఆయన దాకా పాకింది. కానీ పూర్వీకుడు కల్పితమైనంత మాత్రాన ఊరు కల్పితం అవ్వాలని లేదు. అబద్ధం చెప్పేవాడు కూడా వినేవాళ్లకు తెలిసిన చోటే పెట్టి చెబుతాడు.

కందిరీగ
పై వాక్యం మా ఆవిడకి చూపించకూడదు.

బెళగావి_తెలుగోడు
ఊరు కావాలా? మా దగ్గర ఉంది. బెళగావి నుంచి హైవే మీద ఉత్తరానికి వెళ్తుంటే కాకతి అని బోర్డు కనిపిస్తుంది. కిత్తూరు చెన్నమ్మ పుట్టిన ఊరు. కొందరు చరిత్రకారులు కాకతీయుల కాకతి ఇదేనన్నారు. నేను పదేళ్లుగా ఆ బోర్డు ముందునుంచి డ్యూటీకి పోతున్నా, పోయిన ప్రతిసారీ "మనోళ్లు ఇక్కడోళ్లా" అనుకుంటా. కొలీగ్స్‌కి చెప్తే నవ్వుతారు.

జగదల్‌పూర్_రైలు
ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ అన్నవాళ్లూ ఉన్నారు. అంటే ఊరుందని చెప్పడానికి అందరూ రెడీ, ఎక్కడుందో చెప్పమంటే ఒకరు కర్ణాటక, ఇంకొకరు ఛత్తీస్‌గఢ్. తర్వాతి కాలంలో రాసిన సిద్ధేశ్వర చరిత్ర అనే పుస్తకం అయితే వీళ్ల పూర్వీకులను కందారపురంలో పెడుతుంది, అది మహారాష్ట్రలోని కంధార్ అంటారు. మూడు రాష్ట్రాలు చుట్టాం, ఓరుగల్లు మాత్రం రాలేదు.

బెజవాడ_బాబాయ్
కంధార్ అంటే రాష్ట్రకూటుల ఊరు కదా. మాంగల్లు శాసనంలో గుండియ పేరు పక్కన "రాష్ట్రకూట" అని ఉందిగా. అంటే రాష్ట్రకూటుల వంశమేనేమో వీళ్లు!

శిలాక్షరం
అలా వాదించినవాళ్లు ఉన్నారు. కానీ తూర్పు చాళుక్యుల దానశాసనాలు ఏవైనా తీయండి, "రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబీకులకు తెలియజేసేది ఏమనగా" అన్న ధోరణిలో మొదలవుతాయి. అక్కడ రాష్ట్రకూటుడంటే గ్రామాల పెత్తనం చేసే అధికారి. మునసబు లాంటి మాట. పేరు పక్కన మునసబు అని ఉంటే అది వంశం ఎలా అవుతుంది?

గరుడధ్వజం
శిలాక్షరం గారి వాదనలో ఒక చిక్కు ఉంది. ఊళ్లో పెత్తనం చేసే అధికారికి తరతరాలుగా సైన్యాన్ని నడిపించే స్థాయి ఎక్కడిది? పైగా తొలి కాకతీయుల్లో ఒకడైన బేతరాజుకు గరుడ బేత అన్న పేరుంది, గరుడుడు రాష్ట్రకూటుల చిహ్నం. రాష్ట్రకూటుల సేనానులుగా తూర్పుకు వచ్చి, అక్కడ పట్టు దొరక్క చాళుక్యుల పక్కన చేరారనుకుంటే కథ అంతా అతుకుతుంది.

శిలాక్షరం
అతుకుతుంది. నేను ఒప్పుకోను, కానీ అతుకుతుంది.

రేచర్ల_రెక్కలు
రట్టకూడ, రట్టగుడి, రట్టోడి, రెడ్డి అని పదం మారిందంటారు కాబట్టి వీళ్లు అసలు

వేదిక_కాపలా
పై పోస్టు సగంలో నేనే కోశాను, దాని కింద వచ్చిన ఆరు పోస్టులు మొత్తం తీసేశాను. వాళ్లు మీ కులమా మా కులమా అన్న చర్చకు ఇక్కడ చోటు లేదు. గణపతిదేవుడి సేనానుల శాసనాలే ఆ వంశాన్ని చతుర్థ కులం అని చెప్పాయి, ఆ కాలం వాళ్లకు అందులో నామోషీ కనిపించలేదు. పేరు సంగతి మాట్లాడండి.

కందిరీగ
ఆరు పోస్టులా! టీ పెట్టుకుని వచ్చేలోపు ఎంత జరిగిపోయింది.

ఛప్రత్యయం
ఆ "ర" సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు నిద్ర పట్టట్లేదు దానితో. కాకర్త్య ముందా, కాకత్య ముందా? ప్రాకృతం దారిలో వెళ్తే "ర్త" అన్నది "త్త" అవుతుంది, వార్త వత్త అయినట్టు. అప్పుడు కాకర్తి అసలు రూపం, కాకతి అరిగిన రూపం. లేదా తిరగేసి చూడండి. ఊళ్లో అందరూ కాకతి అనే అంటున్నారు, సంస్కృతంలో శాసనం రాసే పండితుడికి ఆ మాట మరీ నాటుగా అనిపించి ఒక "ర" తగిలించాడు. ఇలాంటి తగిలింపులు శాసనాల్లో కొల్లలు.

నాటవాడి_కోడలు
దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా మామగారి ఇంటిపేరు పొలం పాస్‌బుక్కులో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, మా వారి పదో తరగతి సర్టిఫికెట్‌లో మూడోలా ఉంది. ఒకే ఇల్లు, ఒకే తరం, మూడు ఒత్తులు. వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా ఇవి తవ్వి తీస్తే మూడు వంశాలని తేలుస్తారు.

శిలాక్షరం
శాసనాల్లో కాకతి, కాకత్య, కాకతీయ అన్నీ ఉన్నాయి. మీ మామగారి కన్నా వాళ్లేం మెరుగు కాదు.

కూష్మాండం
అమ్మవారి వైపు నుంచి ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. కాకతి అంటే గుమ్మడి అని ఒక వాదన. గుమ్మడి అంటే కూష్మాండం, కూష్మాండిని అంటే జైనుల యక్షి, నేమినాథ తీర్థంకరుడి వెంట ఉండే దేవత. హనుమకొండ పద్మాక్షి గుట్ట మొదట జైన బసది, అంటే జైనుల గుడి. 1117లో రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది కట్టించిన శాసనం ఇప్పటికీ ఉంది. గుట్ట మీద చెక్కిన తీర్థంకరులను ఎవరైనా చూడొచ్చు. తొలి కాకతీయుల మీద జైనం ప్రభావం గట్టిగా ఉండేది, ఆ తర్వాతే శైవం. కాబట్టి జైన దేవత మెల్లగా దుర్గ అయిపోయిందనుకోవచ్చు.

పద్మాక్షి_గుట్ట
మా గుట్ట గురించి చెప్పినందుకు సంతోషం. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కింద చెరువు కాడ జనం చూడాలె. పైన తీర్థంకరులు, నడుమ పద్మాక్షమ్మ, కింద బతుకమ్మలు. ఎవ్వరు ఎవ్వరిని పొమ్మనలే. కానీ గుమ్మడికాయ సంగతి నాకు నమ్మకం కుదుర్తలేదు. మా దిక్కు ఏ ముసలమ్మ గూడ గుమ్మడికాయను కాకతి అనంగ నేను వినలే.

బెజవాడ_బాబాయ్
కాకి అయిపోయింది, గుమ్మడి వచ్చింది. కాకరకాయ ఒక్కటే మిగిలింది.

క్రీడాకారుడు
నేను మొదటి నుంచి చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు చెబుతా. ఊరా అమ్మవారా అన్న ప్రశ్నే తప్పు.

క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం తెరవండి (వినుకొండ వల్లభరాయుడు రాశాడా శ్రీనాథుడు రాశాడా అన్న గొడవ ఇక్కడ వద్దు, దయచేసి). ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ మంచన శర్మ, టిట్టిభ సెట్టి చూసేవాటిలో దేవతలూ ఉన్నారు. అందులో కాకతమ్మ పేరుంది, ఆమెకు తోడు ఏకవీర. ఆ ఏకవీరనే మాహురమ్మ అని కూడా అంటారు. మాహురమ్మ అంటే ఎవరు? మాహూరులో ఉన్న అమ్మ. మహారాష్ట్రలో, ఆదిలాబాదు దాటగానే, ఇప్పటికీ మనవాళ్లు మొక్కులకు వెళ్లే మాహూరు. ఊరిపేరుకు అమ్మ చేర్చారు, అంతే. ఆ లెక్కన కాకతమ్మ ఎవరు? కాకతిలో ఉన్న అమ్మ!

ఊరు విడిచి వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకునేవి రెండే: ఇంటిపేరు, ఇలవేల్పు. రెండూ ఆ ఊరి పేరే మోస్తాయి. రెండు మూడు తరాలకు ఊరు మరుపున పడుతుంది, అమ్మవారు మాత్రం ఎదురుగా గుళ్లో ఉంటుంది. అప్పుడు ఎవరైనా మీ ఇంటిపేరు ఏమిటని అడిగితే "మా అమ్మవారి పేరు" అని చెబుతారు. కుమారస్వామి అబద్ధం చెప్పలేదు, మైలాంబా అబద్ధం చెప్పలేదు. ఆవిడకు పుట్టింటి పాత జ్ఞాపకం ఉంది, ఆయనకు గుడి కనిపించింది.

శిలాక్షరం
ఇది నేను రాయాల్సిన పోస్టు. కుళ్లుగా ఉంది.

గరుడధ్వజం
బాగుంది కానీ తిరగేసి కూడా జరుగుతుందిగా. దేవత పేరు మీద ఊరు వెలుస్తుంది. కాళి పేరు మీద ఎన్ని ఊళ్లు లేవు?

క్రీడాకారుడు
జరుగుతుంది. కానీ 956 శాసనం మాట దేవత పేరులా లేదు, ఇంటిపేరులా ఉంది. నేను దాని వైపే మొగ్గుతా.

జగదల్‌పూర్_రైలు
క్రీడాకారుడి మాటకు మా బస్తర్ నుంచి ఒక ఉదాహరణ. ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని బస్తర్ రాజులు చెప్పుకున్నారు. 1703లో దిక్పాలదేవుడు దంతెవాడలో వేయించిన శాసనంలో కాకతి ప్రతాపరుద్రుడి పేరు తలచుకున్నారు. నాలుగు వందల ఏళ్లకు కూడా పేరు వదల్లేదు. అమ్మవారు మాత్రం దంతేశ్వరి అయింది. కొందరు ఆమె ఓరుగల్లు నుంచి వెంట వచ్చిందంటారు, కానీ పేరు చూడండి, దంతెవాడలో ఉంది కాబట్టి దంతేశ్వరి. మళ్లీ ఊరే గెలిచింది.

బెళగావి_తెలుగోడు
ఇక్కడ కన్నడ మిత్రుడు ఒకడు ఈ చర్చ చదివించుకుని, మాదీ ఇంతే అన్నాడు. హొయ్సళ అంటే "హొయ్ సళా", పులిని కొట్టు సళా అని గురువు అరిచాడని కథ. గుడి గుడికీ పులితో పోరాడే బొమ్మ ఉంటుంది. తీరా పాత శాసనాల్లో పేరు పొయ్సళ. కన్నడలో పాలు హాలు అయినట్టు పొయ్ తర్వాత హొయ్ అయింది. అంటే ఆ గురువుగారు అప్పటికింకా పుట్టని మాటతో అరిచాడన్నమాట.

ఛప్రత్యయం
అద్భుతం. చాళుక్యులదీ అదే వరస. చుళుకం అంటే దోసిలి, బ్రహ్మ దోసిలి నీళ్లలోంచి పుట్టారని కథ. పేరు ముందు, కథ తర్వాత, ఆ పైన వ్యాకరణం వచ్చి సంతకం పెడుతుంది. నా మొదటి పోస్టు అలాంటి సంతకమే అని ఒప్పుకుంటున్నా.

పద్మాక్షి_గుట్ట
నేను మాత్రం అమ్మవారినే పట్టుకుంట. ఊరు దొరికినంక చెప్పుండ్రి, బండి కట్టుకొని వస్త.

బెళగావి_తెలుగోడు
రండి అన్నా, బోర్డు కింద ఫోటో తీస్తా.

మట్టెవాడ_మనవడు
పిలగానికి అంత చదివి వినిపించిన. వాడు రాసుకపోయింది ఇది: "కాకతి అన్నది ముందు ఒక ఊరిపేరు, దాని నుంచి ఇంటిపేరు వచ్చింది, ఆ ఊరి అమ్మవారు కాకతమ్మ. 956లో ఈ పేరు కాకర్త్య అని ఉన్నది." బడిల సారు, పుస్తకంల దేవత అని ఉంటే ఊరని ఎందుకు రాసినవ్ అని అడిగిండట. వీడు మైలాంబ రాయించింది అన్నడట. సారు మార్కులైతే కోయలే గని, మైలాంబ ఎవరో వచ్చే సోమవారం క్లాసుల నువ్వే చెప్పాలె అన్నడట. ఇగ నాటవాడి అక్కా, మిగిలిన పని నీదే.

నాటవాడి_కోడలు
సోమవారం లోపు పంపిస్తా. వంశావళి మొత్తం బట్టీ పట్టమను.

కొత్తగా_చేరాను
మొత్తం చదివాను. కాకులు పిల్లాడిని కాపాడిన కథ కోసం వచ్చాను నేను. అది ఎక్కడుంది?

మట్టెవాడ_మనవడు
తోరణాల కాడ. ఆదివారం పోతే ఆ పెద్దమనిషి దొరకొచ్చు.